వాల్టర్ పన్నెండెకరాలు ఎందుకు మాడిపోయాయి

జరిగిన అన్యాయాలను ముందుగా తేదీల వారీగా నమోదు చేస్తున్నాను. ఇవన్నీ నా ఆకుపచ్చ అట్ట నోటు పుస్తకాల నుంచి ఎత్తి రాసినవి. జ్ఞాపకం మీద ఆధారపడి రాసినది వీటిలో ఒక్కటీ లేదు.

1979 సెప్టెంబరు: చేనంతా మాడిపోగా పచ్చగా మిగిలిన ఒకే ఒక్క మొక్క ఆకు మీద నుంచి నేను వేరుచేసిన బాక్టీరియాను మా విభాగాధిపతి డాక్టర్ ప్రెస్కాట్ సభలో తన ఆవిష్కరణగా పరిచయం చేశారు. నన్ను స్లైడ్లు మార్చడానికి కూర్చోబెట్టారు.

1983 ఏప్రిల్: చిన్న మడుల్లో ఇంకో రెండేళ్లు పరీక్షించి గాని పెద్ద చేనుకు వెళ్లరాదని నేను రాసి ఇచ్చిన కాగితానికి జవాబు లేదు.

1983 మే: పన్నెండెకరాలకూ రసాయన మందు ఆపేయమని ప్రెస్కాట్ రైతు వాల్టర్‌కు ఫోనులో చెప్పారు. నాకు మర్నాడు తెలిసింది.

1983 నవంబరు: నివేదికలో ఈ వాక్యం చేరింది: “నిర్దేశించిన వేళల్లో రైతు పిచికారీ చేయలేదు.” ఇది అబద్ధం.

1984 మార్చి: ఆ వాక్యానికి ఆధారమేమిటని వాల్టర్ ఉత్తరం రాశాడు. జవాబివ్వకుండా ఫైల్లో పెట్టారు.

1984 జూన్: చేను ఎందుకు పోయిందో వివరిస్తూ నేనిచ్చిన రెండు పేజీలను ప్రెస్కాట్ చదివి, నా చేతికే తిరిగి ఇచ్చి, తాను చూడనట్టే అనుకోమన్నారు.

ఈ ఆరింటిలో మొదటి రెండూ నాకు జరిగాయి. తక్కిన నాలుగూ వాల్టర్‌కు జరిగాయి. వాటిలో ఒకదాని కింద నా సంతకం ఉంది.

ఇప్పుడెందుకు రాస్తున్నాను

అమెరికాలో, మిచిగన్ రాష్ట్రపు ట్రాయ్ ఊళ్లో మా వీధి చివర ఉండే సత్యనారాయణ గారి అమ్మాయి కావ్య మొక్కల తెగుళ్ల శాస్త్రంలో పరిశోధనకు చేరుతోంది. ఇక్కడే పుట్టిన పిల్ల. వెళ్లే ముందు నన్ను చూడడానికి వచ్చి, ఒళ్లో కంప్యూటర్ తెరిచి పెట్టుకుంది.

“అంకుల్, మీ ఓల్డ్ రిపోర్ట్ దొరికింది! లైబ్రరీ వాళ్లు స్కాన్ చేసి పెట్టారు. మీ నేమ్ కూడా ఉంది.”

“ఉంటుందమ్మా.”

“సో, బాక్టీరియా బాగానే వర్క్ చేసింది. ఆ ఫార్మర్ లేజీ. స్ప్రే చేయలేదు. దట్స్ ఇట్, రైట్?”

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. నా భార్య రాజ్యలక్ష్మి గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

“చెప్పండి. పిల్ల అడుగుతోంది కదా,” అంది.

చెప్పడానికి మధ్యాహ్నమంతా పట్టింది. చెప్పిన తరువాత కావ్య కంప్యూటర్ మూసేసింది. వెళ్లేటప్పుడు, “రాయండి అంకుల్. ఐ మీన్, నాకోసం కాదు. అక్కడ ఆ లైన్ ఇంకా ఉంది కదా,” అంది. అందువల్ల రాస్తున్నాను. ఈ వృత్తిలోకి వచ్చే చిన్నవాళ్లకు ఉపయోగపడితే సంతోషం. ఉపయోగపడకపోయినా రాయక తప్పదు.

తెగులు, దానికి మేం వెతికిన మందు

బంగాళదుంపకు వచ్చే లేట్ బ్లైట్‌ను పుస్తకంలో చదివితే అర్థం కాదు, వాసన చూడాలి. మిచిగన్‌లో ఆగస్టు నెలాఖరున నాలుగు రోజులు ముసురు పట్టి, పొద్దున్నే పొగమంచు దిగితే చాలు. ఆకు అంచున నీళ్లలో నానినట్టు ఒక మచ్చ కనబడుతుంది. మర్నాడు ఆకు తిప్పి చూస్తే అడుగున తెల్లటి నూగు. ఆ నూగులో ఉన్నవన్నీ గాలికి పక్క చేలకు ఎగిరే విత్తనాలే. పది రోజులు తిరక్కుండా చేను నల్లబడుతుంది. దుంపలు నేలలోనే కుళ్లడం మొదలుపెడతాయి. ఆ వాసన బట్టలకు పట్టుకుంటుంది. ఉతికినా వెంటనే పోదు.

రైతులు వారం వారం రసాయనం కొట్టి దాన్ని ఆపేవారు. రసాయనానికి బదులు ఆకు మీదే కాపురముండి, తెగులు జీవిని చంపే పదార్థాన్ని తయారుచేసే బాక్టీరియా దొరికితే బాగుంటుందని మా ప్రయత్నం. నేను వేరుచేసిన వాటిలో పద్దెనిమిదో నంబరుకు ఆ శక్తి ఉంది. గాజు పళ్లెంలో ఒకవైపు దాన్ని, మరోవైపు తెగులు బూజును పెంచితే, బూజు దాని దగ్గరికి రాలేక ఆగిపోయేది. చుట్టూ ఖాళీ వలయం ఏర్పడేది. ఆ వలయమే దాని యోగ్యతకు కొలత. పాఠకులు ఈ వలయాన్ని గుర్తుంచుకోవాలి. నేను గుర్తుంచుకోలేదు.

మొక్కలు పెంచే గాజు ఇంట్లో పద్దెనిమిదో నంబరు అద్భుతంగా పనిచేసింది. 1982లో చిన్న మడుల్లో ఫర్వాలేదనిపించింది. ‘అద్భుతం’ నుంచి ‘ఫర్వాలేదు’కు ఎందుకు దిగిందని అప్పుడే అడిగి ఉండవలసింది. వాతావరణం అనుకున్నాను. మా వృత్తిలో తెలియనిదాన్నంతా వాతావరణం మీదికి నెట్టే దురలవాటు ఉంది.

ప్రెస్కాట్

ఆయన గురించి మంచి కూడా చెప్పాలి. కారులో వెళుతూ అద్దం దించి, గాలి వాసన బట్టి ఏ చేనుకు తెగులు తగిలిందో చెప్పగలిగేవారు. 1977లో నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది ఆయనే. కాని ముఖ్యమైన మాట ఏదీ కాగితం మీద పెట్టేవారు కాదు. నడవాలో నిలబడి చెప్పేవారు, లేదా ఫోను చేసేవారు. “కాగితం పెడితే అందరూ చదువుతారు మూర్తీ,” అని నవ్వేవారు. నేను ఆయన ఫోను పెట్టేసిన వెంటనే తేదీ, సమయం, మాట నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. అలా రాసుకున్నవే పైన ఇచ్చినవి.

ఏటా ఆగస్టులో చుట్టుపక్కల రైతులను బస్సుల్లో తీసుకొచ్చి చేలు చూపించే రోజు ఒకటుండేది. 1983లో ఆ రోజుకు ప్రెస్కాట్‌కు మడులు చాలవు. కనుచూపు మేర పచ్చటి చేను కావాలి. రసాయనం చుక్క పడని చేను.

వాల్టర్

వాల్టర్ ఒకప్పుడు పాడి రైతు. ఆవులను వదిలి బంగాళదుంపలకు మారాడు. స్టీలు పాలక్యాన్లు మాత్రం వదలలేదు. మేం ప్రయోగశాలలో పెంచిన బాక్టీరియాను వాటిలోనే నింపి, మంచు గడ్డల మధ్య పెట్టి తీసుకెళ్లేవాళ్లం. నా వ్యాను దొడ్లో ఆగగానే ఆయన ట్రాక్టరు మీద నుంచే అరిచేవాడు.

“ఏం డాక్, ఇవాళ నీ మందను మేతకు తోలుకొచ్చావా?”

“అన్నీ కులాసాగా ఉన్నాయి.”

“పాలు పిండుకోవాలా, లేక ఊరికే కొట్టేయమంటావా? ఐరీన్! డాక్ కోట్ల ఆవులను తెచ్చాడు, ఒక్కటి తొక్కకు!”

ఆయన భార్య ఐరీన్ వరండాలోంచి, “ఆ మనిషిని ముందు కాఫీ తాగనియ్యి వాల్ట్,” అనేది.

ఎండకు బాక్టీరియా చస్తుంది గనుక పొద్దు వాలాక కొట్టాలి. అయిదు రోజులకొకసారి కొట్టాలి. పెద్ద వాన పడితే మళ్లీ కొట్టాలి. వాల్టర్ ఈ మూడు సూచనలను అట్టముక్క మీద రాసి ట్రాక్టరులో అతికించాడు. పక్కనే తీగకు వేలాడే చిన్న పుస్తకం. అందులో ప్రతి పిచికారీకీ తేదీ, వేళ, గాలి, వాన. పాడిలో పూటపూటకూ లెక్క రాసుకున్న చెయ్యి అది. నా పుస్తకాలు చూసి మురిసిపోయే నేను ఆ పుస్తకం ముందు తల వంచాను.

ఆగస్టు మూడో వారంలో ముసురు పట్టింది. సోమవారం ఉదయం వాల్టర్ నన్ను చేను మధ్యకు తీసుకెళ్లి, వంగి ఒక ఆకు తిప్పాడు.

“ఇదేనా?”

తెల్లటి నూగు. “అదే,” అన్నాను.

“షెడ్డులో రసాయనం డబ్బాలున్నాయి. గంటలో మొదలుపెడతాను. ఊఁ అను.”

వాళ్ల వంటింటి ఫోను నుంచి ప్రెస్కాట్‌కు చేశాను. గురువారం బస్సులు వస్తున్నాయి, అప్పటిదాకా ఆపమన్నారు. ఫోను పెట్టేసి ఆ మాట చెప్పాను. వాల్టర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

“ఆయన మాట నేనడగలేదు డాక్. నువ్వేమంటావ్?”

నా సంచిలో ఆ వారం లెక్క ఉంది. ఆకు మీద బతికి ఉన్న బాక్టీరియా సంఖ్య నేను ఎన్నడూ చూడనంత ఎక్కువగా ఉంది.

“ఆగండి. సంఖ్యలు బాగున్నాయి,” అన్నాను.

ఆయన ఆగాడు. గురువారానికి చేను సగం నల్లబడింది. బస్సులను వేరే చేనుకు మళ్లించారు. శుక్రవారం వాల్టర్ రసాయనం కొట్టాడు గాని అప్పటికి కొట్టడానికి ఆకు లేదు. గాలివాటున ఉన్న రెండు పొరుగు చేలు కూడా పోయాయి. గిడ్డంగికి చేర్చిన దుంపలు అక్టోబరుకు కారిపోయాయి. వాటిని గుంట తీసి పూడ్చిన రోజు నేనూ పార పట్టాను. వాల్టర్ వద్దనలేదు, రమ్మనలేదు.

నివేదిక

నవంబరులో ప్రెస్కాట్ ముసాయిదా నా బల్ల మీద పెట్టారు. ఆ వాక్యం ఏడో పేజీలో ఉంది.

“ఆయన ప్రతి సారీ కొట్టాడు. పుస్తకం నేను చూశాను,” అన్నాను.

“రైతు రాసుకున్న పుస్తకం మూర్తీ. పొలంలో నువ్వు రోజూ నిలబడ్డావా?”

“లేదు.”

“అయితే నీకు తెలియదు. నీ గ్రీన్ కార్డు ఉత్తరం ఈ వారం పంపుదామనుకుంటున్నాను. ఆఖరి పేజీలో నీ పేరు కింద సంతకం పెట్టు.”

పెట్టాను. ఈ వాక్యానికి ముందూ వెనకా ఏ వివరణా చేర్చను.

తోడు

ఇప్పుడు నా తప్పు. ఇది పై పట్టికలో లేదు. అది అన్యాయాల పట్టిక. ఇది అంతకన్నా పెద్దది.

నేను చదువుకున్నది గుంటూరు జిల్లాలో. మా కళాశాల ప్రయోగశాలలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. ఫ్రీజరును నమ్మితే ఏడాది పని కరిగి నీరయ్యేది. అందుకని బాక్టీరియాను వారం వారం పాత గొట్టంలోంచి కొత్త గొట్టంలోకి మార్చి బతికించుకోవడం మాకు నేర్పారు. మా ఇళ్లలో నిన్నటి పెరుగు చెంచాడు ఇవాళ్టి పాలలో వేసినట్టే. అది నాకు పద్ధతిగా కాదు, స్వభావంగా అబ్బింది. అమెరికా వచ్చాక మా ప్రయోగశాల నేలమాళిగలో కరెంటు పోని ఫ్రీజరు ఉంది. 1979లో తీసిన అసలు పద్దెనిమిదో నంబరు చిన్న సీసాల్లో దానిలో గడ్డకట్టి ఉంది. తోటివాళ్లు ప్రతి ఋతువులో ఒక సీసా కరిగించి మొదటినుంచి మొదలుపెట్టేవారు. నేను నవ్వేవాణ్ణి. నాది ఎప్పుడూ తాజాగా, కదులుతూ ఉండేది. ప్రతి సోమవారం పళ్లెంలో అన్నిటికన్నా పెద్దగా, నున్నగా పెరిగిన చుక్కను ఏరి, దాన్నే తరువాతి వారానికి తోడు వేసేవాణ్ణి.

1984 మే నెలలో ఒక ఆదివారం భోజనానికి కూర్చున్నాం. రాజ్యలక్ష్మి పెరుగు గిన్నె తెచ్చి, వడ్డించకుండా ముఖం చిట్లించింది.

“ఈ తోడు ఇక పనికిరాదండీ. పద్మగారింటి నుంచి కొత్తది తెచ్చుకోవాలి.”

“గట్టిగానే ఉందిగా?”

“గట్టిగానే ఉంది. రాయిలా ఉంది. నోట్లో పెట్టుకుంటే సుద్ద. రోజూ బాగా గట్టిపడ్డ చోటు చూసే తీశానండీ, ఏం లాభం. చూస్తే పెరుగు, తింటే కాదు.”

నా చెయ్యి కంచంలో ఆగిపోయింది.

“ఏమండీ? అంత కోపమొచ్చిందా?”

“నేను లేబ్‌కి వెళ్లాలి రాజ్యం.”

“అన్నం మధ్యలోనా? బాక్టీరియాకు ఆదివారం సెలవు లేదా?”

ఫ్రీజరు నుంచి అసలు సీసా ఒకటి తీశాను. నేను వారం వారం పెంచుతూ వచ్చినదాన్ని పక్కన పెట్టాను. రెంటికీ ఎదురుగా తెగులు బూజు. తగినన్ని రోజులు ఆగి చూస్తే, అసలు దాని చుట్టూ వేలెడు వెడల్పు వలయం. నా దాని చుట్టూ ఏమీ లేదు. బూజు దాని మీదుగా పాకిపోయింది. ఏడాదికొకటి చొప్పున ఫ్రీజరులో దాచిన పాత గొట్టాలన్నీ పరీక్షించాను. 1981 గొట్టంలో వలయం ఉంది. 1982 గొట్టంలో సన్నబడింది. 1983 వసంతంలోది, అంటే వాల్టర్ క్యాన్లలో నింపినది, పూర్తిగా బోడి.

కారణం కష్టమైనది కాదు. పళ్లెంలో కావలసినంత తిండి ఉంది, శత్రువు లేడు. అక్కడ ఆయుధం తయారుచేసుకునేదానికన్నా తిని కూర్చునేదే ముందు పెద్దదవుతుంది. నేను ప్రతి సోమవారం ఏరి ఏరి ఆ తిని కూర్చునేదాన్నే ఎంచుకున్నాను. దాని సంఖ్య బ్రహ్మాండంగా ఉండడంలో ఆశ్చర్యం లేదు. 1982, 1983 నాటి నా పుస్తకాల్లో ఒక్క వారం కూడా తప్పకుండా సంఖ్య ఉంది. ఒక్క వారం కూడా వలయం కొలత లేదు. సంఖ్య లెక్కపెట్టడం సులువు, వలయానికి రోజులు పడుతుంది. ఇంత క్రమశిక్షణతో ఇంత పనికిరాని రికార్డు రాసినవాణ్ణి నేను ఇంకొకరిని చూడలేదు.

వాల్టర్ అయిదేసి రోజులకు, వాన పడ్డప్పుడల్లా, పొద్దు వాలాక, గాలి చూసుకుని చల్లింది ఉత్త నీళ్లు.

ఇదంతా రెండు పేజీల్లో రాసి జూన్‌లో ప్రెస్కాట్‌కు ఇచ్చాను. ఆయన నిలబడే చదివారు.

“ఇది బయటపెడితే ఎవరు మిగులుతారు? నువ్వా, నేనా, ఈ విభాగమా?”

“వాల్టర్ మిగులుతాడు.”

“రైతులు మరిచిపోతారు మూర్తీ. వచ్చే ఏడు ఇంకో పంట ఉంటుంది. ఇది నేను చూడలేదు.”

ఆ పేజీలు నా చేతికి ఇచ్చారు. తీసుకుని వచ్చేశాను. మరుసటి ఏడాది గ్రీన్ కార్డు వచ్చింది. వచ్చాక కూడా నోరు విప్పలేదు. అప్పటినుంచి నాకు సాకు కూడా లేదు.

పుస్తకం నా చేతికి వచ్చిన రోజు

రైతులు మరవలేదు. నివేదిక ప్రతులు ఊరూరా వెళ్లాయి. పొరుగు చేలు పోగొట్టుకున్నవాళ్లు వాల్టర్ కూర్చున్న కాఫీ బల్ల దగ్గర కూర్చోవడం మానేశారు. అతని దుంపలు తీసుకునే చిప్స్ ఫ్యాక్టరీ మళ్లీ ఒప్పందం రాయలేదు. 1986లో సేద్యం మానేసి స్కూలు బస్సు నడపసాగాడు. 1988 వసంతంలో ఐరీన్ ఫోను చేసి, ఆయనకు ఒంట్లో బాగాలేదని, నన్ను అడుగుతున్నాడని చెప్పింది.

కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. సగానికి సగం అయ్యాడు.

“మంద ఎలా ఉంది డాక్?”

ఆయన ఒడిలో ఆ ట్రాక్టరు పుస్తకం, దానికి ఇంకా తీగ ముక్క ఉంది.

“నేను కొట్టానని నీకు తెలుసు కదా?”

“తెలుసు.”

“ప్రతి సారీ?”

“ప్రతి సారీ.”

“మరి కాగితంలో అలా ఎందుకుంది? ఉత్తరం కూడా రాశాను. ఎవరూ పలకలేదు.”

చెప్పడానికి వెళ్లాను. రెండు పేజీలు నా కోటు జేబులో ఉన్నాయి. ఐరీన్ కాఫీ తెచ్చింది. నేను కాఫీ తాగాను.

ఆయన పుస్తకం నా చేతిలో పెట్టాడు. “నీ దగ్గరుంచు. నువ్వు కాగితాలు దాచే మనిషివి,” అన్నాడు.

ఆ చలికాలంలో పోయాడు. ప్రెస్కాట్ కూడా ఇప్పుడు లేరు. ఐరీన్ గారు ఉన్నారు, అదే ఇంట్లో.

కొత్తగా వచ్చేవారికి

అసలు విత్తనాన్ని గడ్డకట్టించి ఉంచండి, ప్రతి ఏడూ దాని దగ్గరికే తిరిగి వెళ్లండి. లెక్కపెట్టడానికి వీలైనదాన్ని కాదు, మీకు అవసరమైనదాన్ని కొలవండి. ఎవరి చేనులో పని చేస్తారో ఆ మనిషి “నువ్వేమంటావ్” అని అడిగితే, తెలియకపోతే తెలియదనండి. మంచి బాక్టీరియాతో తెగులును ఆపవచ్చునన్నది అబద్ధం కాదు. ప్రెస్కాట్, నేను కలిసి దాన్ని ఇరవై మైళ్ల చుట్టుపక్కల ఎవరూ నమ్మకుండా చేశాం. తొందరతో ఆయన, గర్వంతో నేను.

కాగితాలు దాచడం మంచి అలవాటే. దాచినవాటిని తీయకపోతే ఆ పెట్టె సమాధితో సమానం.

కోరిక

నేను పనిచేసిన పరిశోధనా కేంద్రపు ప్రస్తుత అధిపతి గారికి:

దీని ఇంగ్లీషు ప్రతిని, వాల్టర్ పుస్తకంలోని అన్ని పేజీల నకళ్లను, 1984 నాటి నా రెండు పేజీలను, ఆ పాత గొట్టాల పరీక్షల ఫలితాలను రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు రసీదు నా దగ్గర ఉంది.

1983 నవంబరు నివేదిక ఏడో పేజీలోని వాక్యాన్ని తొలగించవలసిందిగా కోరుతున్నాను. ఖాళీగా వదలవద్దు. ఆ స్థానంలో, రైతు అన్ని సూచనలనూ పాటించాడని, వాడిన బాక్టీరియా అప్పటికే శక్తి కోల్పోయిందని, దాన్ని పెంచినవాడు, పరీక్షించనివాడు, రసాయనం కొట్టకుండా రైతును ఆపినవాడు నేనని, నా పూర్తి పేరుతో చేర్చండి. నాకు ఇందులో అభ్యంతరం లేదు. ఉండే అర్హత లేదు.

1984 మార్చిలో వాల్టర్ రాసిన ఉత్తరం మీ ఫైళ్లలోనే ఉంది. దానికి జవాబు బాకీ ఉంది. ఆ జవాబు నాకు కాదు, ఐరీన్ గారి పేరిట, ఈ లేఖ అందిన ముప్పై రోజుల లోపల, మీ సంతకంతో, కాగితం మీద పంపండి.

ఫోను చేయవద్దు.